ఫ్రెంచ్ క్లయింట్ ఆఫీసులో రెండు నెలలు: పలకరింపు, మీటింగు, భోజనం

టెస్ట్‌లీడ్ ప్రశ్న:

అందరికీ నమస్కారం. ఏప్రిల్ మధ్య నుంచి జూన్ మధ్య దాకా లియోన్‌లో క్లయింట్ ఆఫీసులో కూర్చుని పని చేయాలి. నేను టెస్టింగ్ లీడ్‌ని, టీమ్ అంతా ఇండియాలోనే ఉంటుంది. అక్కడివాళ్లతో ఇప్పటిదాకా కాల్స్‌లోనే పరిచయం. పని ఇంగ్లీషులోనే, ఫ్రెంచ్ రాదు.

పొద్దున ఆఫీసులో ఎవరిని ఎలా పలకరించాలి, పేరు పెట్టి పిలవొచ్చా? మీటింగులో మనం ఏం చెప్పినా ముందు కాదంటారు, పని నచ్చకనా? సాయంత్రం ఆరు దాటాక మెసేజ్ పెట్టొచ్చా? నేను శాకాహారిని, గుడ్డు కూడా తినను. క్లయింట్‌తో లంచ్ అంటే ఎలా? చేతిలో ఏదైనా పట్టుకెళ్లాలా? "మర్యాదగా ఉంటే చాలు" లాంటి జవాబులు వద్దండీ. ఎక్కడ ఏం చేయాలో చెప్పండి.

రోన్‌గట్టు జవాబు:

అన్నిటికన్నా ముందు బోన్‌జూర్, అంటే ఫ్రెంచ్ నమస్కారం. ఇది అలంకారం కాదు, మాట మొదలుపెట్టడానికి టికెట్టు. రిసెప్షన్‌లో, లిఫ్ట్‌లో, క్యాంటీన్ కౌంటర్‌లో, బేకరీలో, బస్సు డ్రైవరు దగ్గర, ఎక్కడైనా సరే, అది చెప్పకుండా "ఎక్స్‌క్యూజ్ మీ, ఫలానా గది ఎక్కడ?" అని అడిగితే అవతలివాళ్లు సమాధానం ఇవ్వకుండా కాస్త ఒత్తి "బోన్‌జూర్" అంటారు. అంటే మీరు మర్చిపోయారని గుర్తు చేస్తున్నట్టు. వెంటనే బోన్‌జూర్ చెప్పి ప్రశ్న మళ్లీ మొదటినుంచి అడగండి, గొడవ ఉండదు.

ఆఫీసులో పొద్దున రాగానే మీ టీమ్‌లో ఉన్న ఐదారుగురికి విడివిడిగా చెప్పాలి, కళ్లలోకి చూసి, వీలైతే పేరుతో. ఓపెన్ ఆఫీసులో నలభై మంది ఉంటే గుమ్మం దగ్గర అందరికీ కలిపి ఒకసారి చాలు. ఒక మనిషికి రోజుకి ఒక్క బోన్‌జూరే. మధ్యాహ్నం మళ్లీ ఎదురైతే చిరునవ్వు, లేదా "రె-బోన్‌జూర్". అదే మనిషికి రెండోసారి నిండుగా బోన్‌జూర్ చెబితే పొద్దున కలిసిన సంగతి మీకు గుర్తు లేదని అర్థమవుతుంది. సాయంత్రం ఐదారు తర్వాత అది బోన్‌స్వార్ అవుతుంది. వెళ్లేటప్పుడు చెప్పకుండా జారుకోకూడదు: "బోన్ సువారే", శుక్రవారమైతే "బోన్ వీకెండ్". లిఫ్ట్ దిగేటప్పుడు ముక్కూమొహం తెలియనివాళ్లకి కూడా "బోన్ జుర్నే" అనేసి దిగుతారు.

చాట్‌లోనూ ఇదే సూత్రం. "డిఫెక్ట్ 412 స్టేటస్ ఏంటి?" అని నేరుగా పడేస్తే ఆజ్ఞలా ఉంటుంది. మొదటి లైన్ "బోన్‌జూర్ క్లేర్," రెండో లైన్‌లో విషయం. అయితే ఒట్టి బోన్‌జూర్ పెట్టి జవాబు కోసం కాచుకోవడం కూడా విసుగే, రెండూ ఒకే మెసేజ్‌లో పంపండి. మెయిల్ చివర "కోర్దియాల్మాన్" (మన "రిగార్డ్స్" లాంటిది) మామూలు, "బియాన్ కోర్దియాల్మాన్" కొంచెం దగ్గరితనం. దాన్ని మూడక్షరాలకు కుదించి రాసేవాళ్లూ ఉన్నారు కానీ క్లయింట్‌కి అలా రాస్తే బద్ధకం కింద లెక్క.

పేర్లు. ఐటీ టీముల్లో మొదటి పేరే, ఇంగ్లీషులో మరీను. ప్రతి వాక్యానికీ "సర్" తగిలించకండి, గౌరవంగా వినిపించదు, ఎబ్బెట్టుగా ఉంటుంది. డైరెక్టర్ స్థాయి వాళ్లకి మొదటి మెయిల్‌లో "బోన్‌జూర్ మదామ్" లేదా "ముస్యూ" అని ఇంటిపేరు కలిపి రాయండి. వాళ్లు మొదటి పేరుతో సంతకం చేసి జవాబిస్తే మరుసటి మెయిల్ నుంచి మీరూ అలాగే. సంతకాల్లో ఇంటిపేరు తరచుగా పెద్ద అక్షరాల్లో ఉంటుంది, ఏది ముందున్నా దాన్నిబట్టి గుర్తుపట్టొచ్చు. ఇది అవసరం, ఎందుకంటే మార్తాన్, లొరాన్, బెర్నార్ లాంటివి ఇంటిపేర్లూ అవుతాయి, మొదటి పేర్లూ అవుతాయి. జాన్-పియేర్‌ని జాన్ అని కత్తిరించకూడదు, రెండూ కలిసే ఒక పేరు. కమీయ్, దొమినిక్, క్లోద్ ఆడవాళ్లకీ ఉంటాయి, మగవాళ్లకీ ఉంటాయి. మెయిల్‌లో మిస్టర్ అనే ముందు ఎవరినైనా అడగండి.

వూ, త్యూ సంగతి మన మీరు, నువ్వు లాంటిదే. తెలుగువాళ్లకి విడమర్చి చెప్పక్కర్లేదు. త్యూకి మారదామా అని పెద్దవాళ్లో, హోదాలో పైవాళ్లో అడగాలి, మీరు కాదు. వాళ్లు అడిగితే ఒప్పుకోండి. ఒకసారి మారాక మళ్లీ వూకి వెళ్తే కోపం వచ్చిందనుకుంటారు.

చెంపకి చెంప ఆనించే బీజ్ గురించి కంగారు వద్దు. కోవిడ్ తర్వాత ఆఫీసుల్లో బాగా తగ్గింది. ముందుగా చెయ్యి చాపితే విషయం అక్కడితో తేలిపోతుంది. కరచాలనం ఒకసారి ఊపి వదిలేయాలి, పట్టుకుని మాట్లాడుతూ ఉండకూడదు.

కోపిల్_నోట్స్ జవాబు:

మీటింగు ప్రశ్నకి వస్తాను, అసలు చిక్కు అక్కడే.

వాళ్లు కాదన్నారంటే పని నచ్చలేదని కాదు, మీరు చెప్పింది విన్నారని. మీటింగులో ప్రతిపాదనని నలువైపుల నుంచీ గుద్ది చూడటం వాళ్లకి పనిలో భాగం. బడిలో వ్యాసం రాయించేటప్పుడే ఒక వాదం, దానికి ప్రతివాదం, ఆ రెంటినీ కలిపిన తీర్పు అనే వరసలో నేర్పుతారు. మాట మధ్యలో అందుకోవడం కూడా ఆసక్తి కిందే లెక్క. గంటసేపు వాదించుకుని ఇద్దరూ కలిసి కాఫీ మెషిన్ దగ్గరికి నడుస్తారు. ఆందోళన పడాల్సింది ఎవరూ ఏమీ అనకుండా మీటింగు ముగిసినప్పుడు.

కాబట్టి వెనక్కి తగ్గకండి, "సరే, మీరు చెప్పినట్టే చేస్తాం" అని వెంటనే లొంగిపోకండి. అలా అంటే మీ ప్రతిపాదన వెనక ఆలోచన లేదని తేలుతుంది. స్లైడ్లు నేరుగా ముగింపుతో మొదలుపెడితే "ఇక్కడికి ఎలా వచ్చారు?" అని మొదటి నిమిషంలోనే ఆపుతారు. సమస్య ఏమిటి, ఏ ఊహల మీద లెక్క వేశారు, ఏయే దారులు చూశారు, వాటిలో ఏది ఎందుకు వదిలేశారు, చివరికి ఏది ఎంచుకున్నారు, ఈ వరసలో పెట్టండి. వదిలేసిన దారుల స్లైడ్ తప్పక ఉండాలి. చర్చ ఎక్కువగా దాని మీదే జరుగుతుంది.

ఇంకొకటి. మనం "యెస్" అనేది చాలాసార్లు "విన్నాను" అనే అర్థంలో. వాళ్లు దాన్ని ఒప్పందంగా రాసుకుంటారు. తల అటూఇటూ ఊపితే అవునో కాదో వాళ్లకి అర్థం కాదు. చేయలేనిది ఉంటే కారణంతో సహా అక్కడే చెప్పండి: "గురువారానికి కాదు, డేటా బుధవారం వస్తుంది కాబట్టి సోమవారం ఇవ్వగలం." దీనికి ఎవరూ నొచ్చుకోరు. గురువారం అని ఒప్పుకుని బుధవారం రాత్రి కుదరదంటే మాత్రం ఆ తర్వాత మీరు చెప్పే ప్రతి తేదీనీ అనుమానంగా చూస్తారు. గడువులు వారం నంబరుతో మాట్లాడతారు, "21వ వారం" అంటారు. మీ క్యాలెండర్‌లో వారం నంబర్లు కనిపించేలా పెట్టుకోండి.

నిర్ణయం ఆ గదిలోనే అయిపోతుందని ఆశించకండి. చాలా సంస్థల్లో చర్చ అందరిదీ, తీర్మానం పై అధికారిది. ప్రాజెక్టు నిర్ణయాలు కోపిల్ అనే స్టీరింగ్ కమిటీలో జరుగుతాయి. అక్కడికి కొత్త విషయం మొదటిసారి తీసుకెళ్తే వాయిదా పడుతుంది. ముందే సంబంధిత మేనేజర్లతో విడివిడిగా, ఎక్కువసార్లు కాఫీ దగ్గరే, మాట్లాడి ఉంచాలి. పొద్దున పది ప్రాంతంలో పదిహేను నిమిషాల కాఫీ విరామం టైమ్ వేస్ట్ కాదంటున్నది అందుకే. మీటింగు అయ్యాక ఒకరు మినిట్స్ పంపుతారు, కోంత్ రాందు అంటారు. వచ్చిన రోజే చదివి, మీ పేరు మీద రాసిన పనుల్లో తేడా ఉంటే జవాబు పెట్టండి. ఊరుకుంటే ఒప్పుకున్నట్టే. మీరు టెస్టింగ్ కాబట్టి ఇంకో మాట కూడా తెలిసి ఉండాలి: రెసెత్ అంటే యూజర్ అంగీకార పరీక్ష, దాని చివర సంతకాలు పెట్టే పత్రంతోనే బిల్లు కదులుతుంది.

వాళ్ల ఇంగ్లీషులో రెండు చోట్ల జాగ్రత్త. మెయిల్‌లో "ఐ డిమాండ్" అని ఉంటే కోపం కాదు, మామూలుగా అడుగుతున్నారు. "ఈవెంచువల్లీ" అని ఉంటే చివరికి తప్పక జరుగుతుందని కాదు, జరిగితే జరగొచ్చని. రెండోదాన్ని నమ్మి డెలివరీ ప్లాన్ వేసుకోవద్దు. "నాట్ బ్యాడ్" అన్నారంటే మెచ్చుకోలే. "ఇట్ ఈజ్ కాంప్లికేటెడ్" అంటే దాదాపు కాదనే.

చివరగా, మీరు వాళ్ల ఉద్యోగి కాదు, సర్వీసు కంపెనీ మనిషి. ఈ తేడా అక్కడ చట్టం వల్ల గట్టిగా పాటిస్తారు. మనుషుల్ని లాభానికి అద్దెకిచ్చినట్టు కనిపిస్తే నేరం కాబట్టి క్లయింట్ మేనేజర్ మీకు సెలవు మంజూరు చేయరు, మీ పనితీరుకి రేటింగు ఇవ్వరు. బ్యాడ్జి రంగు వేరుగా ఉండొచ్చు, క్యాంటీన్‌లో ధర ఎక్కువ పడొచ్చు, ఉద్యోగుల కమిటీ ఇచ్చే రాయితీలు మీకు రావు. దూరం పెడుతున్నారని అనుకోకండి. సెలవు మీ కంపెనీని అడిగి, క్లయింట్‌కి సమాచారం మాత్రం ఇవ్వండి.

మే_నెల జవాబు:

పైవాళ్లిద్దరూ చెప్పనిది క్యాలెండరు. మీరు వెళ్లే రెండు నెలలూ ఫ్రాన్స్‌లో పని ముక్కలుముక్కలయ్యే కాలం. మే 1, మే 8 సెలవు. ఈస్టర్ తర్వాత 39వ రోజున అసెన్షన్ అనే క్రైస్తవ పండుగ సెలవు, ఎప్పుడూ గురువారమే వస్తుంది, కాబట్టి శుక్రవారం కూడా కలుపుకుని నాలుగు రోజులు మాయమవుతారు. దీన్ని వంతెన కట్టడం అంటారు. ఆ తర్వాత పెంతెకోస్తు సోమవారం ఉంది, కొన్ని కంపెనీలు ఆ రోజు పని చేయిస్తాయి, మీ క్లయింట్‌ని అడగండి. పైగా ఏటా ఐదు వారాల సెలవుని చాలా కంపెనీలు జూన్ 1 నుంచి మే 31 వరకు లెక్కపెడతాయి. మిగిలినవి పోతాయని మే నెలలో వాడేస్తారు. ఏప్రిల్‌లో బడి వసంత సెలవులు సరేసరి, బడి సెలవుల కోసం దేశాన్ని జోన్లుగా విడదీశారు, తేదీలు జోన్‌ని బట్టి మారతాయి, లియోన్ జోన్ ఏలో ఉంది.

చేయాల్సింది ఇది: దిగిన మొదటి వారంలోనే ప్రతి అప్రూవరు సెలవు తేదీలు అడిగి ఒక షీట్‌లో వేసుకోండి, వాళ్ల బదులు ఎవరు సంతకం పెడతారో పక్కన రాసుకోండి. రెసెత్ సంతకం అసెన్షన్ వారంలో పెట్టుకోవద్దు. బుధవారం కూడా చూసుకోవాలి. పిల్లల బడి వల్ల వారానికి నాలుగు రోజులు పనిచేసేవాళ్లు ఎక్కువగా ఆ రోజే తీసుకుంటారు.

ఆరు దాటాక మెసేజ్ గురించి. పనివేళల తర్వాత ఫోన్, మెయిల్ ఆపేసుకునే హక్కు 2016 ఆగస్టు నాటి కార్మిక చట్టంతో వచ్చింది, 2017 జనవరి 1 నుంచి అమల్లో ఉంది. 50 మందికి పైబడ్డ కంపెనీలు దీని మీద ఉద్యోగుల ప్రతినిధులతో చర్చించాలి. అంటే మెయిల్ పంపడమే నేరమని కాదు, జవాబు ఆశించకూడదని. ఏడున్నరకి ఇంకా ఆఫీసులో ఉండే మేనేజర్లు ఉంటారు, వాళ్లది గంటల లెక్క కాదు, ఏడాదికి 218 రోజుల లెక్క. అయినా వాళ్లక్కూడా పనికీ పనికీ మధ్య 11 గంటల విశ్రాంతి ఉండాలి. కాబట్టి రాత్రి రాసిన మెయిల్‌ని పొద్దున ఎనిమిదిన్నరకి వెళ్లేలా షెడ్యూల్ చేయండి. సొంత నంబరుకి వాట్సాప్ మాత్రం వద్దు. నిజంగా ప్రొడక్షన్ ఆగిపోతే ఆన్‌కాల్ వరస ఎవరిదో ముందే రాయించుకుని వాళ్లకే ఫోన్ చేయండి.

మీ టీమ్‌తో కాల్స్‌కి: మార్చి చివరి ఆదివారం నుంచి అక్టోబరు చివరి ఆదివారం దాకా తేడా మూడున్నర గంటలు. అక్కడ తొమ్మిదిన్నర అంటే ఇండియాలో మధ్యాహ్నం ఒంటిగంట. తొమ్మిదిన్నర నుంచి పన్నెండులోపు పెట్టుకుంటే అందరికీ కుదురుతుంది. పన్నెండు నుంచి రెండు మధ్య మీటింగు పెట్టారంటే ఫ్రెంచ్ వాళ్లు యాక్సెప్ట్ నొక్కినా మనసులో తిట్టుకుంటారు.

పప్పుచారు జవాబు:

శాకాహారం మీద నేను రాస్తాను. లియోన్ తిండికి పేరుపడ్డ ఊరు, మీకు మాత్రం కష్టమైన ఊరు. అక్కడి సంప్రదాయ హోటళ్లని బూషోన్ అంటారు. పంది మాంసం, పేగులు, కాలేయం వాటి ప్రత్యేకత. సలాద్ లియొనేజ్ పేరుకి సలాడే, అందులో పంది ముక్కలూ గుడ్డూ ఉంటాయి. కెనెల్ చూడ్డానికి పిండివంటలా ఉంటుంది, బ్రోషే అనే చేపతో చేస్తారు. దీనికి విరుద్ధంగా, మెదడు అని పేరున్న సెర్వెల్ ద కన్యూ అసలు మాంసమే కాదు, పెరుగుజున్నులో ఉల్లి, ఆకుకూరలు కలిపింది.

"వెజిటేరియన్" అని ఊరుకుంటే చేప పెట్టే ప్రమాదం ఉంది, గుడ్డు తప్పకుండా పెడతారు. "సాన్ వ్యాంద్, సాన్ ప్వాసోన్, సాన్‌జ్ ఎ" అని మూడూ చెప్పాలి: మాంసం లేకుండా, చేప లేకుండా, గుడ్లు లేకుండా. ఫోన్‌లో ఫ్రెంచ్ లిపిలో టైపు చేసి పెట్టుకుని వెయిటర్‌కి చూపించడం ఇంకా మంచిది. లంచ్‌కి పిలిచినవాళ్లకి రెండు రోజుల ముందే మెయిల్‌లో చెప్పండి. అక్కడ కూర్చున్నాక చెబితే వంటగదికి మార్చే వీలుండదు, పిలిచినవాళ్లకి తలకొట్టేసినట్టుంటుంది. గుడ్డు దాగి ఉండే చోట్లు: కీష్, తాజా పాస్తా, క్రెమ్ బ్రూలే, చాక్లెట్ మూస్, దాదాపు అన్ని కేకులూ. పనా కోటా అనే మీగడ డెజర్టులో జంతువుల నుంచి తీసే జెలటిన్. సూపుల్లో మాంసం రసం. మీరు గట్టి నియమం పాటించేవాళ్లయితే చీజ్ కూడా చూడాలి: కొంతే, రోక్‌ఫోర్ లాంటి పేరున్న వాటిలో పాలు విరగడానికి దూడ పొట్టలోంచి తీసిన రెనెట్ వాడతారు. పండ్లు, ఆలుగడ్డ, బ్రెడ్ మీకు దిక్కు.

రోజువారీ లంచ్ పన్నెండుకో పన్నెండున్నరకో గుంపుగా వెళ్తారు. డబ్బా తెచ్చుకున్నా డెస్క్ దగ్గర తినకండి. పనిచేసే గదుల్లో భోజనం చేయనివ్వకూడదని కార్మిక నియమావళిలోనే ఉంది. విశ్రాంతి గదిలో మైక్రోవేవ్ ఉంటే వాడుకోండి, పోపు వాసన గట్టిగా వచ్చేవి తగ్గించుకుంటే మంచిది. తినేటప్పుడు అందరికీ వడ్డించి "బోన్ అపెతీ" అనేదాకా ఆగాలి. రెండు మణికట్లూ బల్ల మీద కనిపించాలి, ఒడిలో పెట్టుకోరు. బ్రెడ్‌కి ప్లేటుండదు, బల్ల మీద పరిచిన గుడ్డ మీదే పెట్టి చేత్తో తుంచుకుంటారు. మంచినీళ్లకి "కరాఫ్ దో" అడిగితే ఉచితం, ఒట్టి వాటర్ అంటే సీసా తెచ్చి బిల్లు వేస్తారు. మద్యం వద్దంటే ఒక్కసారి వద్దనండి, కారణం చెప్పనక్కర్లేదు. గ్లాసులో నీళ్లతోనే, కళ్లలోకి చూస్తూ, "సాంతే" అనొచ్చు.

క్లయింట్ పెద్దలు హోటల్‌కి పిలిస్తే పని విషయం మీరు ఎత్తకండి, సాధారణంగా డెజర్టూ కాఫీ వేళకి వాళ్లే తెస్తారు. అప్పటిదాకా ఊళ్లు, సెలవులు, తిండి, సినిమా. రాజకీయం వాళ్లు మాట్లాడుకుంటారు, వినండి. జీతం ఎంత, పెళ్లైందా, పిల్లలెందుకు లేరు, ఏ మతం అని మాత్రం అడగొద్దు. మనకి కుశల ప్రశ్నలు, వాళ్లకి సోదా. బిల్లు పిలిచినవాళ్లదే. టీమ్‌తో మామూలుగా వెళ్తే ఎవరిది వాళ్లు కౌంటర్‌లో కడతారు. సర్వీసు ధరలోనే కలిసి ఉంటుంది, టిప్పు తప్పనిసరి కాదు.

టెస్ట్‌లీడ్:

చాలా ఉపయోగపడ్డాయండీ, అందరికీ థాంక్స్. బహుమతి సంగతి ఎవరూ చెప్పలేదు. మొదటి రోజు స్వీట్ల డబ్బా పట్టుకెళ్తే బావుంటుందా? క్రోసాంట్లు తేవాలని కూడా ఎక్కడో విన్నాను.

కోపిల్_నోట్స్:

మొదటి రోజు వద్దు. ఒక్కొక్కరికీ విడిగా బహుమతులు అసలే వద్దు. 2016 నాటి అవినీతి నిరోధక చట్టం తర్వాత పెద్ద కంపెనీల్లో బహుమతుల మీద నియమాలు కఠినంగా ఉన్నాయి, విలువ చిన్నదైనా రిజిస్టరులో రాయాల్సి రావచ్చు. టీమ్ అందరికీ కలిపి కాఫీ మెషిన్ దగ్గర పెట్టే తినుబండారాలకి ఆ బాధ లేదు. స్వీట్లు మొదటి వారం చివర పెట్టండి, జీడిపప్పు ఉంటే చిన్న కాగితం మీద రాసి పక్కన ఉంచండి, గింజల అలెర్జీ ఉన్నవాళ్లు ఉండొచ్చు. ఎవరైనా భోజనానికి ఇంటికి పిలిస్తే చాక్లెట్లో పూలో తీసుకెళ్లండి, చామంతులు మాత్రం వద్దు, అవి నవంబరు 1న సమాధుల మీద పెట్టేవి. చెప్పిన టైముకి పది పదిహేను నిమిషాలు ఆలస్యంగా వెళ్లాలి, ముందు వెళ్తే ఇబ్బంది పడతారు. ఆఫీసు మీటింగుకి ఈ సడలింపు వర్తించదు.

క్రోసాంట్లు తిరుగు ప్రయాణం ముందు తెస్తే సరిపోతుంది. మనిషికొకటి, పైన రెండు మూడు అదనం, చాక్లెట్ ఉన్నవి సగం. ముందురోజు సాయంత్రం మెయిల్ పెట్టండి, లేకపోతే ఇంట్లో టిఫిన్ చేసి వస్తారు.

రోన్‌గట్టు:

ఆ క్రోసాంట్లు అనుకున్నదానికన్నా ముందే కొనాల్సి రావచ్చు. లాక్ చేయని కంప్యూటర్ కనిపిస్తే పక్కవాళ్లు దాని యజమాని పేరుతో "రేపు అందరికీ క్రోసాంట్లు నావే" అని టీమ్‌కి మెయిల్ కొట్టేస్తారు. ఫ్రెంచ్ ఐటీ ఆఫీసుల్లో ఇది పాత ఆట, దొరికినవాళ్లు నిజంగానే తేవాలి. కాఫీకి లేచినా విండోస్, ఎల్ మీటలు నొక్కి వెళ్లండి. క్లయింట్ ఇచ్చే ల్యాప్‌టాప్ కీబోర్డు అజెర్తీ అయితే ఎల్ మామూలు చోటే ఉంటుంది కానీ ఏ, క్యూ తారుమారు, జెడ్, డబ్ల్యూ తారుమారు, ఎమ్ పక్కకి జరిగి ఉంటుంది, అంకెలకి షిఫ్ట్ పట్టుకోవాలి. పాస్‌వర్డ్ మూడుసార్లు తప్పుకొట్టి అకౌంట్ లాక్ అయ్యేది ఎక్కువగా మొదటి రోజే. లాగిన్ తెర మూలన లేఅవుట్ మార్చుకునే బటన్ ఉంటుంది, ముందు అది చూసుకోండి.